జూడో వీరుడు కిమురా మసహికో

జపాను దేశమున జూడో విద్యయందు పదునైదేండ్లపాటు ఓటమి యెఱుగక నిలిచిన కిమురా మసహికో చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. కిమురా అనునది ఇంటిపేరు, మసహికో అనునది పెట్టిన పేరు. జపానీయులును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొందురు. అతడు 1917వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన పుట్టి, 1993వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన కన్నుమూసెను. మల్లవిద్యయందు ఆసక్తి లేనివారును అతని కథ చదువదగినది. ఏలయనగా అందులో గెలుపు ఒక త్రోవను, కీర్తి మఱియొక త్రోవను నడచినవి. మఱియు, స్వదేశమునకు వేలకొలది మైళ్ల దూరమున, పరభాషల నడుమ బ్రదుకుచున్న జనులకు ఈ మల్లుని రాక ఎంతటి ఊఱట కలిగించెనో చెప్పు ఘట్టమొకటి అందు కలదు. ఇంట తెలుగును, బజారున వేఱొక భాషయు మాటలాడు మనకు అది ఊరక చదివి విడిచిపెట్టునది కాదు.

ముందుగా జూడో అననేమో తెలిసికొందము. పూర్వము జపాను యోధులు ఆయుధము చేజారినప్పుడు శత్రువును పడగొట్టుటకై జుజుత్సు అను పోరును అభ్యసించెడివారు. అది పెక్కు శాఖలుగా చీలియుండెను. కానో జిగోరో అను విద్యావేత్త వానిలోని మేలైన ప్రయోగములను ఏర్చి కూర్చి, ప్రాణహానికరములైన వానిని తొలగించి, 1882లో టోకియో నగరమున ఒక బౌద్ధాలయమునందు పండ్రెండు చాపలు పఱచిన తావున కొడోకాన్ అను విద్యాశాలను స్థాపించెను. ఆ విద్యయే జూడో. మన కుస్తీలో ప్రత్యర్థి వీపు నేలకు తగిలినచో పోరు ముగియును. జూడోలో ప్రత్యర్థిని బలముగా, వేగముగా, చక్కగా వెల్లకిల పడునట్లు విసరినప్పుడే గెలుపు. అట్లు పడనిచో పోరు నేలమీద సాగును. అక్కడ అతనిని నిర్ణీతకాలము లేవనీయక అదిమిపట్టినను, మెడను బిగించి గాని మోచేతి కీలును మెలిపెట్టి గాని అతనిచే ఓటమి ఒప్పించినను గెలుపే. ఓటమి ఒప్పుకొనువాడు చేతితో చాపను తట్టును. తట్టిన తోడనే పట్టు విడువవలెను. ఈ తట్టుటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

కిమురా పుట్టినది దక్షిణమున క్యూషూ ద్వీపమునందలి కుమమోతో నగరము. ఆ ఊరి నడుమ షిరకావా అను నది ప్రవహించుచున్నది. అతని తండ్రి ఆ నదిలోని కంకరను జల్లెడ పట్టి అమ్మి సంసారము నడపెడివాడు. బాలుడు బడినుండి వచ్చి, తండ్రికి తోడుగా నీటిలో నిలిచి కంకర తోడెడివాడు. ప్రవాహము త్రోసివేయుచుండగా కాళ్లు ఊని నిలుచుటయు, తడిసిన బరువును నడుముతో ఎత్తుటయు అతని తొలి వ్యాయామములు. తన నడుమునకు బలము ఆ నదివలన వచ్చినదనియే అతడు పెద్దవాడైన పిమ్మటను తలచెడివాడు.

జూడో నేర్వ మొదలిడుటకు గల కారణము వింతగా నుండును. ప్రాథమిక పాఠశాలలో అల్లరి చేయగా ఒక ఉపాధ్యాయుడు అతనిని పట్టి నేలకు విసరెనట. ఆ ఉపాధ్యాయునకు జూడో వచ్చునని తెలిసి, తాను అంతకంటె బాగుగా నేర్చి పగ తీర్చుకొనవలెనని ఆ పసివాడు ఊరిలోని జుజుత్సు శాలలో చేరెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ ఉద్దేశము రుచింపదు. కాని జరిగినది జరిగినట్లు చెప్పవలెను గదా! ఏమైనను పగ నశించెను, విద్య నిలిచెను. పదునాఱు, పదునేడేండ్లు వచ్చునప్పటికి ఆ ప్రాంతమున అతనిని నిలువరింపగల బాలుడు లేకపోయెను.

అప్పుడు అతనిని చూచినవాడు ఉషిజిమా తత్సుకుమా. ఆయనయు కుమమోతో వాడే. తన కాలమున జపాను దేశమంతట పేరు మ్రోగిన మల్లుడు. కాని చక్రవర్తి సమక్షమున జరుగు పోటీలలో గెలువవలెనను ఒక్క కోరిక ఆయనకు తీరలేదు. 1929లో ఒకసారి, 1934లో మఱియొకసారి ప్రయత్నించి విఫలుడయ్యెను. తనకు దక్కనిది శిష్యునిచే సాధింపవలెనని నిశ్చయించి, కిమురాను టోకియోకు తోడ్కొనిపోయి, తాను జూడో నేర్పుచుండిన తకుషోకు విశ్వవిద్యాలయమున చేర్పించి, తన యింటనే ఉంచుకొని భోజనము పెట్టి పెంచెను. ఆ గురువు పొగడ్త యెఱుగనివాడు. శిష్యుడు గెలిచి వచ్చినను మెచ్చుకొనక, మఱునాటి అభ్యాసమును గూర్చియే మాటలాడెడివాడు.

1935లో, పదునెనిమిదవ యేట, కిమురా కొడోకాన్‌లో ఎనమండుగురు ప్రత్యర్థులను వరుసగా ఓడించి ఐదవ దాన్ అను అంతస్తును పొందెను. అంత చిన్న వయస్సున ఆ అంతస్తు నందుకొనుట అపూర్వము. జూడో నేర్పరులకు మొదటి దాన్ మొదలుకొని ఇట్టి మెట్లు కలవు. ఐతే ఆ యేడే అతనికి నాలుగు ఓటములు కలిగెను. అతని జీవితమున జూడో పోటీలలో కలిగిన ఓటములు ఆ నాలుగేయని చెప్పుదురు. ఓడించిన వారిలో అబె కెన్షిరో అనువాడు ఒకడు. అతడే తరువాత 1950లలో ఇంగ్లండునకు పోయి అక్కడ జూడోను, తదితర విద్యలను నేర్పెను. ఈ ఓటములకు కిమురా ఎంత క్రుంగెననగా, జూడోను విడిచి ఇంటికి పోవుదమని తలపెట్టెను. మిత్రులు బోధించి నిలిపిరి.

అప్పుడు అతడు చేసిన పని ఒక చెట్టును ఎంచుకొనుట. జూడోలో ఓసోతో-గరి అను ప్రయోగము కలదు. తన కాలిని ప్రత్యర్థి కాలి వెలుపలినుండి పోనిచ్చి, వెనుకనుండి కొడవలితో కోసినట్లు ఊడ్చి, వానిని వెల్లకిల పడద్రోయుటయే ఆ ప్రయోగము. కిమురా ప్రతిదినము ఒక చెట్టునకు ఎదురుగా నిలిచి, దానినే ప్రత్యర్థిగా భావించి ఈ ప్రయోగము చేసెడివాడు. చెట్టు పడదు గదా! పడనిదానిని పడద్రోయుటకు ఆఱు మాసములు ప్రయత్నించిన పిమ్మట మనుష్యులు అతని ముందు నిలువలేకపోయిరి. టోకియో పోలీసు శాలలోను, కొడోకాన్‌లోను అభ్యాసము చేయునప్పుడు అతనిచేత పడి స్మృతి తప్పినవారు పలువురు. తోటివారు వచ్చి, దయచేసి ఆ ఒక్క ప్రయోగము మామీద చేయవలదని వేడుకొనెడివారట.

అతని అభ్యాసమునకు ఒక లెక్క ఉండెను. తక్కినవారు మూడు గంటలు శ్రమించినచో తాను తొమ్మిది గంటలు శ్రమింపవలెను. దినమునకు వేయి దండెములు తీసెడివాడు. అతడేమియు భీమకాయుడు కాడు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళములు, బరువు సుమారు 85 కిలోలు. ఆ కాలమున జూడోలో బరువునుబట్టి విభాగములు లేవు. తనకంటె ఎంత పెద్దవాడు వచ్చినను నిలువవలసినదే.

1937, 1938, 1939 సంవత్సరములలో వరుసగా మూడుమారులు అతడు జపాను మొత్తమునకు విజేతయయ్యెను. 1940లో చక్రవర్తి సమక్షమున జరిగిన పోటీలలో గెలిచి గురువు కోరికను తీర్చెను. అప్పటికి అతని వయస్సు ఇరువది రెండేండ్లు. ఉషిజిమా రెండు పర్యాయములు అందుకొనలేకపోయిన దానిని ఈ కంకర తోడినవాని కొడుకు అందుకొనెను. జపాను చదువరులు నేటికిని ఆ గురుశిష్యుల కథను ఆసక్తితో చెప్పుకొనుచున్నారు.

పిమ్మట యుద్ధము వచ్చెను. 1942లో కిమురా సైన్యమున చేరి, స్వస్థలమైన క్యూషూలో శత్రువిమానములను ఎదుర్కొను దళమున పనిచేసెను. మల్లునకు ఉత్తమమైన వయస్సు అట్లు గడచిపోయెను. 1945లో జపాను ఓడెను. అమెరికా సైన్యము దేశము నాక్రమించి పాఠశాలలలో జూడోను నిషేధించెను. జూడో నేర్పి బ్రదుకువారికి బ్రదుకుతెరువు లేకపోయెను. ముమ్మారు విజేతయైన కిమురా కుమమోతో చీకటిబజారులో సరకులమ్మి కడుపు నింపుకొనవలసివచ్చెను. ఐనను 1949లో దేశవ్యాప్తమైన పోటీ జరుగగా మరల దిగి, తుదిపోరున ఇషికావా తకహికోతో తలపడెను. అదనపు సమయము రెండుసారులిచ్చినను తేలక, ఇరువురిని విజేతలుగా ప్రకటించిరి. అతడు పాల్గొన్న కడపటి జూడో పోటీలలో అది యొకటి.

ఇంతలో అతని భార్యకు క్షయరోగము సోకెను. స్ట్రెప్టోమైసిన్ అను మందు అప్పుడే క్రొత్తగా వచ్చియుండెను. యుద్ధమున చితికిన జపానులో దాని వెల సామాన్యుడు భరింపరానిది. 1950లో ఉషిజిమా రుసుము తీసికొని జూడో ప్రదర్శించు వృత్తిసంఘమును స్థాపింపగా కిమురా అందు చేరెను. కొలది మాసములలోనే దానికి ధనము కరవయ్యెను. అతడు సహచరుడైన యమగుచి తోషియోతో కలిసి హవాయి దీవులకు పోయి, అక్కడ జూడో నేర్పి, రుసుము పుచ్చుకొని కుస్తీ ప్రదర్శనలలో పాల్గొనెను. జూడో పెద్దలకు ఇది నచ్చలేదు. విద్యను అమ్ముకొనుట వారి దృష్టిలో తప్పు. కాని రోగిష్టియైన భార్యను మంచముపై ఉంచుకొని, పతకములు చూచుకొనుచు కూర్చుండుమని అతనితో ఎవరు చెప్పగలరు? మేము చెప్పజాలము.

1951లో బ్రెజిల్‌లోని జపాను భాషా పత్రిక ఒకటి కిమురాను ఆహ్వానించెను. దక్షిణ అమెరికాలో జపాను భాషా పత్రిక ఏమియని పాఠకులకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1908 జూన్ 18వ తేదీన కసాతో మారు అను ఓడ 781 మంది జపాను కూలీలతో బ్రెజిల్‌లోని సాంటోస్ రేవును చేరెను. వారు కాఫీతోటలలో పనిచేయుటకై వచ్చినవారు. నాలుగైదేండ్లు కష్టపడి, కొంత కూడబెట్టుకొని ఇంటికి పోవుదమనుకొనిరి. పోలేకపోయిరి. వారి వెనుక మఱికొందఱు వచ్చిరి. యుద్ధమునకు ముందే అట్లు వచ్చినవారు లక్షాయెనుబది వేలకు మించిరి. వారు అడవులు కొట్టి పొలములు చేసికొనిరి, ఊరూర తమ పిల్లలకై జపాను బడులు పెట్టుకొనిరి, తమ భాషలో పత్రికలు నడుపుకొనిరి.

1938 నుండి అక్కడి ప్రభుత్వము పరభాషల పాఠశాలలను మూయించెను. 1941లో జపాను పత్రికలు నిలిచిపోయెను. యుద్ధకాలమున నలుగురిలో జపాను భాష మాటలాడుటయే నేరమయ్యెను. పోర్చుగీసు పత్రికలను చదువలేని ఆ రైతులకు తమ దేశమున ఏమి జరుగుచున్నదో తెలియు మార్గము లేకపోయెను. 1945లో జపాను లొంగిపోయెనను వార్త వచ్చినప్పుడు వారిలో అత్యధికులు దానిని నమ్మలేదు. అది శత్రువులు పుట్టించిన మాటయనిరి. నమ్మినవారిని ద్రోహులనిరి. 1946లోను, 1947 ఆరంభమునను అట్లు నమ్మినవారిలో ఇరువది మంది పైచిలుకు తమ సోదరుల చేతులలోనే హతులైరి. చదువుకొనుటకు తమ భాషలో ఒక పత్రికయైన ఉండినచో ఇంతటి ఘోరము జరిగియుండెడిది కాదేమోయని మాకు తోచును. 1946 కడపటి నుండి జపాను పత్రికలు మరల వెలువడసాగెను. ఐనను ఓటమిని నమ్మినవారికి, నమ్మనివారికి నడుమ పగ చల్లారలేదు. ఇట్టి సమయమున కిమురా, యమగుచి, కాతో యుకియో అను యువకుడు అక్కడికి పోయిరి. జూడో చూచుటకు రెండు పక్షముల వారును ఒక్కచోట కూర్చుండిరి.

బ్రెజిల్ దేశమున అప్పటికే జుజుత్సులో గ్రేసీ సోదరులు పేరుపడియుండిరి. వారి విద్యకును మూలము జపానే. 1914లో బ్రెజిల్ చేరిన మయెదా మిత్సుయో అను కొడోకాన్ శిష్యుడు కార్లోస్ గ్రేసీ అను బాలునకు విద్య నేర్పెను. కార్లోస్ తమ్ములలో ఎలియో బక్కపలుచనివాడు. బలము లేదు కావున ఉపాయముపై ఆధారపడి, నేలమీద పోరునందు అసాధారణమైన నేర్పు సంపాదించి, దేశమున గొప్ప జనాదరణ పొందెను. అతడు జపాను మల్లులను పోరునకు పిలిచెను. మొదట కాతో రియో నగరమున అతనితో సరిసమానముగా పోరెను. సెప్టెంబరు కడపట సావ్ పావ్లో నగరమున మరల పోరి, మెడపట్టునకు చిక్కి ఓడెను. అక్కడి జపానీయులకు అది తలవంపుగా తోచెను. దేశము ఓడెనని నమ్మినవారికిని నమ్మనివారికిని ఈ ఓటమి కంటికి కనబడినదే. వారి చూపులన్నియు కిమురావైపు తిరిగెను.

1951 అక్టోబరు 23వ తేదీన రియో నగరములోని మరకానా క్రీడాంగణమున పోరు జరిగెను. ఎలియో వయస్సు ముప్పదియెనిమిది, కిమురా వయస్సు ముప్పదినాలుగు. బరువులో కిమురా ఇరువది కిలోలకు మించి హెచ్చు. ఈ భేదమును మఱచి ఆ గెలుపును పొగడుట న్యాయము కాదు. విసరుట గెలుపుగా లెక్కింపరాదనియు, ప్రత్యర్థి ఓటమి ఒప్పుకొనవలెననియు, లేదా స్మృతి తప్పవలెననియు నియమము. కిమురా రంగమునకు వచ్చునప్పటికి ప్రత్యర్థి పక్షమువారు ఒక శవపేటికను తెచ్చియుంచిరట. అది తనకేయని తెలిసి నవ్వు ఆపుకొనలేకపోయితినని అతడు తరువాత వ్రాసికొనెను.

మొదటి పది నిమిషములలో కిమురా ఎలియోను మరల మరల విసరెను. నియమము ప్రకారము దానికి విలువ లేదు. రెండవ విడతలో ఓసోతో-గరితో పడద్రోసి, పైనుండి అదిమి, అతని ఎడమచేతిని పట్టి వెనుకకు మడిచెను. ఒక చేతితో మణికట్టును పట్టుకొని, రెండవ చేతిని ప్రత్యర్థి దండ క్రిందుగా పోనిచ్చి తన మణికట్టునే పట్టుకొని, భుజము కీలు తిరుగునట్లు మెలిపెట్టుట ఆ పట్టు. జూడోలో దానిని ఉదె-గరామి యందురు. చేయి అంతవఱకు మడిగిన పిమ్మట ఎవడైనను చాపను తట్టును. ఎలియో తట్టలేదు. క్రీడాంగణము నిశ్శబ్దమైపోగా తనకు ఎముక విరిగిన చప్పుడు వినబడెనని కిమురా వ్రాసికొనెను. అప్పటికిని అతడు తట్టలేదు. తుదకు అన్న కార్లోస్ తువ్వాలు విసరి పోరు ఆపించెను. మొత్తము పదుమూడు నిమిషములు.

ఆనాడు గెలిచినవాడు కిమురాయే. ఐనను ఓడినవానిని తక్కువగా చూచుట అతనికి చేతకాలేదు. ఎలియో ధైర్యమును అతడు జీవితాంతము మెచ్చుకొనుచుండెను. ఇక అక్కడి జపానీయుల ఆనందమునకు మేర లేదు. ఎన్నియో యేండ్లుగా తమ భాషను దాచుకొని, తమలో తాము చీలి, తలవంచుకొని తిరిగినవారు ఆ దినమున తమ మల్లుని పేరును నలుగురిలో బిగ్గఱగా పలికిరి.

స్వదేశమునకు తిరిగి వచ్చిన కిమురాకు వేఱొక లోకము కనబడెను. 1953లో జపానున టెలివిజన్ ప్రసారములు మొదలయ్యెను. ఇంట దానిని కొనగలవారు అరుదు. కూడళ్లలో టెలివిజన్ పెట్టెలు నెలకొల్పగా జనులు వేలకొలదిగా చేరి నిలువబడి చూచెడివారు. వారు చూడవచ్చినది వృత్తికుస్తీ. ఇందు గెలుపోటములు ముందుగానే నిర్ణయమగును. మల్లులు ఆ నిర్ణయము ప్రకారము నేర్పుగా నటింతురు. అది జూడో వంటి పోటీ కాదు, ఒక విధమైన నాటకము. దానికి నాయకుడు రికిదోజాన్. 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్, కిమురా జంటగా, ఉత్తర అమెరికానుండి వచ్చిన షార్ప్ సోదరులతో పోరిరి. పరదేశపు బలశాలులు ముందు కిమురాను చావగొట్టుటయు, పిదప రికిదోజాన్ వచ్చి అరచేతి దెబ్బలతో వారిని కూల్చుటయు, ఇదియే కథ. యుద్ధమున ఓడిన జపానీయులు ఆ దెబ్బలు చూచి కన్నీరు పెట్టుకొనిరి. రికిదోజాన్ జాతీయవీరుడయ్యెను. పదునైదేండ్లు ఓటమి యెఱుగని కిమురా అతని చేత రక్షింపబడు దుర్బలునివలె లోకమునకు కనబడెను.

ఇక్కడ మఱియొక సంగతి చెప్పవలెను. జపానీయుల గర్వమునకు రూపమైన ఆ రికిదోజాన్ జపానీయుడు కాడు. కొరియా దేశమున పుట్టి, బాల్యమున కొరియా భాష మాటలాడినవాడు. జపానున కొరియనులకు గౌరవము లేదు గనుక, తాను నాగసాకి ప్రాంతమువాడనని చెప్పుకొని, జన్మభూమిని, తల్లిభాషను దాచి బ్రదికెను. అతనిని చూచి కేకలు వేసిన లక్షలాది జనులకు ఈ సంగతి తెలియదు. అతడు తరువాత చేసినదానిని మేము సమర్థింపము. కాని తన పేరును పలుకలేక బ్రదుకువాని మనస్సు ఎట్లుండునో మన పిల్లలు ఒక్కింత ఆలోచింపవచ్చును.

తనను పదేపదే ఓడువానిగా చూపుట కిమురాకు కష్టము కలిగించెను. నిజమైన పోరున తాను రికిదోజాన్‌కు ఓడనని పత్రికలవారితో చెప్పెను. దానితో ఇరువురికి పోరు ఏర్పాటయ్యెను. 1954 డిసెంబరు 22వ తేదీన టోకియోలోని కురమాయే సుమో శాలలో అది జరిగెను. సరిసమానముగా ముగింపవలెనని ముందుగా ఒప్పందమైనదని కిమురా చెప్పెను. ఆ నమ్మకముతో వచ్చిన అతడు తగినట్లు అభ్యాసము చేయలేదు. పోరు నడుమ రికిదోజాన్ ఒక్కసారిగా ఒప్పందమును మీఱి, ముఖముపై, మెడపై నిజముగానే కొట్టి, తన్నెను. కిమురా రక్తమోడుచు కూలెను. 15 నిమిషముల 49 సెకండ్లకు రికిదోజాన్‌ను విజేతగా ప్రకటించిరి. కిమురాయే ముందుగా చేయరాని చోట తన్నెనని రికిదోజాన్ పక్షమువారు వాదించిరి. సరిసమానము చేయుదమని కిమురా వ్రాసియిచ్చిన పత్రమును కూడ బయటపెట్టిరి. దానితో ప్రజలలో ఉన్న కొద్దిపాటి సానుభూతియు పోయెను.

ఆ రాత్రి టెలివిజన్ చూచిన బాలురకు 1937 తెలియదు, 1940 తెలియదు, మరకానా తెలియదు. వారికి తెలిసినది నేలపై పడియున్న ఒక మనుష్యుడు. అటు తరువాత చాలకాలము జపానున కిమురా అనగా రికిదోజాన్‌కు ఓడినవాడనియే చెప్పుకొనిరి. నాటకములో పడ్డ ఒక్క పాటు నిజముగా గెలిచిన వందలాది గెలుపులను కప్పివేసెను. పగతీర్చుకొనవలెనను తలంపు అతనిని యేండ్లకొలది వేధించెను. రికిదోజాన్ 1963 డిసెంబరులో ఒక రాత్రిభోజనశాలలో కత్తిపోటు తిని, వారము దినములకు మరణించెను. మరల పోరు జరుగనే లేదు.

కిమురా కొంతకాలము స్వయముగా కుస్తీ బృందమును నడపెను. 1959లో మరల బ్రెజిల్ పోయి, అక్కడ 1955లో ఎలియోను ఓడించియుండిన వల్దెమార్ సంటానా అను బలశాలిని అదే ఉదె-గరామితో ఓడించెను. 1960వ దశకారంభమున తకుషోకు విశ్వవిద్యాలయమునకు తిరిగి వచ్చి జూడో శిక్షకుడయ్యెను. అతని జీవితమున నెమ్మది గల కాలము అదియని మా యభిప్రాయము. తాను శ్రమించినట్లే శిష్యులను శ్రమింపజేసెను. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడలలో జూడో మొదటిసారి చేరినప్పుడు అధికభార విభాగమున రజతపతకము పొందిన కెనడా దేశస్థుడు డగ్లాస్ రోజర్స్ అతనివద్ద శిక్షణ పొందినవాడే. 1971లో అతని శిష్యుడు ఇవత్సూరి కనెయో జపాను మొత్తమునకు విజేతయయ్యెను. తన గురువు తనచేత సాధింపించినట్లు తానును ఒక శిష్యునిచే సాధింపించి కిమురా సంతసించెను.

కొడోకాన్ మాత్రము అతనిని దూరముగానే ఉంచెను. ముప్పదవ యేట పొందిన ఏడవ దాన్ అంతస్తు దాటి అతనికి ఎనిమిదవది ఈయలేదు. వృత్తికుస్తీలో దిగుట, బ్రెజిల్‌లో అనుమతి లేక శిష్యులకు దాన్‌లిచ్చుట, విజేతల పతాకమును తిరిగి ఇవ్వకపోవుట ఇందుకు కారణములుగా చెప్పబడుచున్నవి. అతనికంటె తక్కువవారు తొమ్మిదవ, పదవ అంతస్తులకు పోయిరి. 1993లో ఊపిరితిత్తుల పుట్టకురుపుతో చనిపోవు నాటికిని అతడు ఏడవ దాన్‌లోనే ఉండెను.

2011లో మసుదా తోషినారి అను రచయిత అతని జీవితమును సమగ్రముగా పరిశోధించి పెద్ద గ్రంథము ప్రకటించెను. దానికి మఱుసటి యేడు ఓయా సోయిచి పేరిట ఇచ్చు బహుమతి లభించెను. 1954నాటి రాత్రిని మాత్రమే ఎఱిగిన తరమువారు ఆ గ్రంథమువలన తక్కిన కథ తెలిసికొనిరి.

బ్రెజిల్ దేశస్థులు ఇందుకు అరువది యేండ్ల ముందునుండియే అతనిని మఱవకుండిరి. ఎలియో చేయి విఱిచిన ఆ పట్టునకు గ్రేసీ సంప్రదాయమువారు తమను ఓడించినవాని పేరే పెట్టుకొనిరి. వారి విద్య నేడు దేశదేశములకు వ్యాపించినది. ప్రతి శాలయందును పిల్లలు ఆ పట్టును కిమురా అనియే నేర్చుకొనుచున్నారు. అది ఒక మనుష్యుని యింటిపేరని వారిలో చాలమందికి తెలియదు. జపాను జూడో శాలలలో మాత్రము దానిని ఇప్పటికిని ఉదె-గరామి యనియే పిలుచుచున్నారు.